సూదీ దారం: ముప్పై ఒకటో బ్లాకు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటిది ఒకటే గోడు. మొదలుపెట్టినప్పుడు ముద్దొచ్చిన పని సగంలోకి వచ్చేసరికి మొహం మొత్తిందట. అందుకని జిప్పులూ జేబులూ కాలర్ల ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేశాను. మొదటి ఉత్తరమే చోటంతా తినేసింది, తక్కిన ఇద్దరూ ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అమ్మా, మూడేళ్ళ కిందట పెద్ద మంచానికి సరిపడా క్విల్ట్ ఒకటి మొదలుపెట్టాను. లాగ్ క్యాబిన్ డిజైను. నడుమ మూడంగుళాల ఎర్ర చదరం, చుట్టూ మూడు వరసల పట్టీలు. ఒక పక్క పట్టీలన్నీ మస్టర్డ్ పసుపు, రెండో పక్క మెరూన్, నెమలి నీలం. ఇదంతా కలిస్తే ఒక బ్లాకు, కుట్టాక అది 12 అంగుళాలు రావాలి. అడ్డం 7, నిలువు 8, మొత్తం 56 బ్లాకులు అనుకున్నాను. 31 అయ్యాయి. అప్పట్లో ఆ పసుపంటే పిచ్చి. ఇప్పుడు చూస్తే కడుపులో తిప్పుతోంది. పైగా బ్లాకులన్నీ ఒక కొలతలో లేవు. చుట్టూ కుట్టులోకి పోయే మార్జిన్‌తో కలిపి 12½ ఉండాల్సినవి 12¼ నుంచి 12⅝ దాకా వచ్చాయి. బీరువా తెరిచినప్పుడల్లా ఆ సంచీ కళ్ళబడుతుంది. కొత్తది మొదలెడదామంటే తప్పు చేస్తున్నట్టుంటుంది. ఇంట్లోవాళ్ళేమో "నువ్వెప్పుడు ఏది పూర్తి చేశావు గనక" అంటారు. బలవంతంగానైనా పూర్తి చెయ్యనా, వదిలెయ్యనా?
(మింగలేక కక్కలేక ఉన్న పాఠకురాలు)

జవాబు: మీ ఉత్తరం చదివి, లేచి వెళ్ళి, నా కుట్టు మిషను మీద కప్పి ఉన్న ఆకుపచ్చ బొంతని ఒకసారి చూసి వచ్చాను. (మీరు క్విల్ట్ అన్నారు. నాకు బొంత అంటేనే నోటికి హాయి.) అది ఎనిమిదేళ్ళు నా అటక మీద ఉంది. ఒకరోజు ఎవరో, సరిగ్గా మీ ఇంట్లోవాళ్ళు అన్నలాంటి మాటే అన్నారు. నాకు రోషం వచ్చింది. నాలుగు రాత్రులు కూర్చుని మిగిలిన బ్లాకులన్నీ మొదట అనుకున్న లెక్క ప్రకారమే కుట్టి పారేశాను. ఆ విసురులో అడుగు గుడ్డ మడత పడిందని కూడా చూసుకోలేదు. ఆ మడత అలాగే కుట్టులో పడిపోయి వెనకవైపు జానెడు పొడుగున ఇప్పటికీ ఉంది. పూర్తయితే అయింది. ఒక్క రాత్రి కూడా దాన్ని కప్పుకుని పడుకోలేదు. మిషను మాత్రం దుమ్ము పడకుండా సుఖంగా ఉంది. అందుకని ముందే చెబుతున్నాను, ఆ మాటకి జవాబు బొంతతో చెప్పకండి. నేను చెప్పి చూశాను.

ఇక మీ సంగతి. "కొత్తది మొదలెడదామంటే" అని రాశారే, నన్ను ఆపింది ఆ మాటే. కుట్టు మీద విసుగొచ్చినవాళ్ళు కొత్తది మొదలెట్టాలనుకోరు. మీ చేతులకి పని కావాలి. మీకు వెగటు పుట్టింది రంగు మీద, 56 అనే అంకె మీద, కొంచెం ఆ కొలతల మీద. ఈ మూడింటినీ ఒకే మూట కట్టి "నచ్చడం లేదు" అని పేరు పెట్టారు. ఆ మూట విప్పుదాం.

అంకెతో మొదలెడతాను, అది అన్నిటికంటే తేలిక. 56 బ్లాకులు ఎవరు అడిగారు? మూడేళ్ళ కిందటి మీరు అడిగారు. ఆవిడకి ఆ పసుపంటే పిచ్చి, కూర్చుని కుట్టమనండి. ఇప్పటి మీ దగ్గర 31 ఉన్నాయి. అడ్డం 5, నిలువు 6 వేస్తే 30. పని అయిపోయినట్టే. లెక్క చూడండి: పాత పథకం ప్రకారం ఇంకా 25 బ్లాకులు కుట్టాలి. మూడు వరసలంటే బ్లాకుకి 12 పట్టీలు, పట్టీ పొడుగునా ఒకటి చొప్పున 12 కుట్లు. అంటే ముందు 300 కుట్లు, ఆ తర్వాత 56 బ్లాకులనీ కలపడానికి 55. కొత్త లెక్కలో మిగిలింది 29 కుట్లు, అందులో పొడుగువి అయిదే. పెద్ద మంచానికి చాలదు, నిజమే. చాలకపోనివ్వండి. ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని పుస్తకం చదువుకోవడానికి బాగా సరిపోతుంది.

ముప్పై ఒకటో బ్లాకుని మాత్రం పక్కన పెట్టండి. దానితో పనుంది.

కొలతల గురించి మీరు సిగ్గుపడుతున్నట్టున్నారు. లాగ్ క్యాబిన్ బ్లాకుకి ఈ చివర నుంచి ఆ చివరికి 6 కుట్లు పడతాయి, నడిమి చదరానికి ఇటు మూడు, అటు మూడు. పావు అంగుళం మార్జిన్‌లో ఒక్కో కుట్టు అంగుళంలో 32వ వంతు జరిగిందనుకోండి. కుట్టుకి రెండు వైపులా ఉన్న గుడ్డలు రెండూ ఆ మేరకు తగ్గుతాయి కాబట్టి ఒక్కో కుట్టు దగ్గర 16వ వంతు పోతుంది. ఆరు కుట్లకీ కలిపి ⅜ అంగుళం. మీ చిన్న బ్లాకుకీ పెద్ద బ్లాకుకీ ఉన్న తేడా సరిగ్గా అంతే! మీరు తప్పింది రెండు మూడు పోగుల మేర. మూడేళ్ళలో మిషను పాదం మార్చి ఉంటారు, సూది మార్చి ఉంటారు, ఒక రోజు ఇస్త్రీ చేసి కుట్టి మరో రోజు గోటితో నొక్కి కుట్టి ఉంటారు. అన్నిటినీ 12¼కి కత్తిరించండి. ఎర్ర చదరం నడుమనే ఉండేలా నాలుగు వైపులా సమంగా తియ్యండి. బయటి పట్టీ కాస్త సన్నబడుతుంది, అంతే. నక్షత్రం డిజైనయితే మొనలు తెగిపోయేవి. లాగ్ క్యాబిన్ ఈ విషయంలో మహా దయగల డిజైను. అమెరికాలో 1860ల తర్వాత అది అంతగా పాకడానికి ఈ దయ కూడా ఒక కారణం అయ్యుంటుందని నా అనుమానం. చేతికి దొరికిన ఏ సన్నపాటి పేలికైనా అందులో ఇమిడిపోతుంది మరి.

ఇప్పుడు పసుపు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. లాగ్ క్యాబిన్‌కి ప్రాణం రంగుల్లో కాదు, వెలుగు నీడల్లో ఉంది. ఒక సగం లేతగా, ఒక సగం ముదురుగా ఉంటేనే మూల నుంచి మూలకి గీత తేలుతుంది. ఆ గీతల్ని అటూ ఇటూ తిప్పుకునే ఆటే ఆ డిజైను. మీరు మస్టర్డ్‌ని లేత వైపు పెట్టారు. చేతిలో పట్టుకుని చూస్తే అది లేత రంగే అనిపిస్తుంది, కాదు. ఒక బ్లాకుని ఫోనుతో ఫొటో తీసి నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. పసుపు, నెమలి నీలం దాదాపు ఒకే బూడిద రంగులో కనిపిస్తాయని నా పందెం. మెరూన్ ఒక్కటే కాస్త దిగువన నిలుస్తుంది. వెలుగు నీడలు లేకపోయేసరికి కంటికి గీత దొరకలేదు. గీత దొరకని కన్ను వెళ్ళి పసుపు మీద పడింది. ఇన్నాళ్ళూ మీరు తిడుతున్నది పసుపుని. తప్పు దానిది కాదు, దాన్ని పెట్టిన చోటుది.

దీనికి మూడు దారులు చెబుతాను, మూడూ నాకు సమానంగా నచ్చవు.

ఒకటి, అమరిక మార్చడం. నాలుగు బ్లాకుల పసుపు మూలలు ఒకచోట కలిస్తే పెద్ద పసుపు డైమండ్ ఏర్పడి మొహం మీదకి వస్తుంది. మీరు ఇన్నాళ్ళూ ఊహించుకున్నది అదే అయ్యుంటుంది, అందరూ మొదట వేసేది అదే. అలా కాకుండా ఒక బ్లాకు నిటారుగా, పక్కది తలకిందులుగా, కింది వరసలో దానికి ఎదురుగా, చదరంగం గళ్ళలా తిప్పుకుంటూ పోండి. పసుపు ముద్దలు విడిపోయి ఏటవాలు చారలవుతాయి, దున్నిన చాళ్ళలాగా. చారలో ఉన్న పసుపు అంత అరవదు. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు, నేల మీద పరిచి చూసుకోవడమే. ముందు ఇది చెయ్యండి.

రెండోది బ్లాకుల మధ్య ముదురు నీలం పట్టీలు వెయ్యడం. చాలామంది ఇదే చెబుతారు. నాకు నచ్చదు. చారలు ఎక్కడికక్కడ తెగిపోతాయి, పైగా మళ్ళీ కుట్లు పెరుగుతాయి.

మూడోది రంగులో ముంచడం. ముప్పై ఒకటో బ్లాకు దీనికే. నూలు గుడ్డకి పట్టే రియాక్టివ్ రంగు, బూడిద నీలం తెచ్చి ఆ ఒక్క బ్లాకునీ ముంచి చూడండి. నీటిలో అంచులు పోగులు లేచిపోకుండా ముందు చుట్టూ జిగ్‌జాగ్ కుట్టు వెయ్యండి. పసుపు మీద నీలం పడితే ఆలివ్ పచ్చ వస్తుంది. మెరూన్ వంకాయ రంగు వైపు వెళుతుంది, నెమలి నీలం ఇంకా చిక్కబడుతుంది. మూడూ ఒకే ఇంటి పిల్లల్లా అయిపోతాయి. దారం పాలియెస్టరయితే దానికి రంగు పట్టదు, కుట్లు తేలి కనిపిస్తాయి. అది మీకు అందంగా అనిపిస్తుందో అసహ్యంగా అనిపిస్తుందో ఆ ఒక్క బ్లాకే చెప్పేస్తుంది. నచ్చితే తక్కినవాటిని విడివిడిగా ముంచకండి. మొత్తం బొంత కుట్టేసి, ఒక్కసారే ముంచండి. లోపలి దూది, దారం కూడా నూలువే అయితే మరీ మంచిది. నచ్చకపోతే పోయింది లెక్కలోకి రాని ముప్పై ఒకటోది.

ముప్పై బ్లాకుల్నీ నేల మీద పరిచాక వెంటనే తీర్పు చెప్పకండి. ఒక రాత్రి అలా వదిలెయ్యండి. పొద్దున్నే, ఇంకా కళ్ళద్దాలు పెట్టుకోకముందే, గుమ్మం దగ్గర నిలబడి చూడండి. అప్పుడు కూడా కడుపులో తిప్పితే ఇక నా దగ్గర మందు లేదు. అన్నిటినీ 12¼కి కత్తిరించి, కట్ట కట్టి, పైన "30 బ్లాకులు, 12¼" అని చీటీ పెట్టి, మిగిలిన పసుపు గుడ్డతో సహా, కుట్టే మరో మనిషికి ఇచ్చెయ్యండి. మిగిలిన గుడ్డ తప్పకుండా ఇవ్వాలి. అది ఇంట్లో ఉంటే మళ్ళీ ఎప్పుడో ఓ రోజు "దీంతో ఏదైనా కుడదామా" అనిపిస్తుంది, నాకు తెలుసు.

కానీ తిప్పదనే నా నమ్మకం. తిప్పకపోతే మిగతా పని త్వరగా చెప్పేస్తాను. కలిపాక పై పొర సుమారు 58¾ అంగుళాల వెడల్పు, 70½ పొడవు వస్తుంది. అడుగు గుడ్డ నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 67కి 79. ఆ అడుగు గుడ్డ మాత్రం ఇప్పటి మీకు నచ్చింది, బాగా నచ్చింది తెచ్చుకోండి. పొదుపు చూసుకోకండి. పైనున్నది మూడేళ్ళ కిందటి మీ ఇష్టం. కప్పుకున్నప్పుడు మీ ఒంటికి తగిలేది కిందిది.

నడుమ దూది పెట్టి, ఈ బొంత మీద కొత్త నైపుణ్యాలేవీ చూపించకుండా, మూడు పొరల్నీ కలిపి దారంతో ముడులు వేసెయ్యండి. ప్రతి బ్లాకు మూలల దగ్గర, అంచుల నడుమ, ఎర్ర చదరం మధ్యలో ఒక్కోటి. దాదాపు ఆరంగుళాలకొక ముడి పడుతుంది, అంచుల్ని వదిలేస్తే మొత్తం 99 ముడులు. ఎంత దూరం దాకా ఫరవాలేదన్నది దూది పొర ప్యాకెట్టు మీద రాసి ఉంటుంది, చూసుకోండి. అంచు పట్టీకి 42 అంగుళాల పన్నా గుడ్డలో రెండున్నర అంగుళాల వెడల్పున 7 పట్టీలు తీస్తే చాలు, చుట్టుకొలత 259 అంగుళాలు కాబట్టి అతుకులకీ మూలలకీ పోగా ఇంకా కాస్త మిగులుతుంది.

ఆఖర్న ఒక మూల అంకె కుట్టండి. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, బెన్నింగ్టన్ మ్యూజియంలో జేన్ స్టికిల్ అనే ఆవిడ కుట్టిన బొంత ఉంది. ఆవిడ దాని మూలన "యుద్ధకాలంలో, 1863, ముక్కలు 5602" అన్న అర్థం వచ్చేలా కుట్టి, పేరు పెట్టుకుంది. ఎన్ని కుట్టిందో అన్నీ లెక్కపెట్టుకుంది, ఎన్ని కుట్టాలనుకుందో రాయలేదు. మీరూ "బ్లాకులు 30" అని కుట్టండి. 56 సంగతి నేనెవరికీ చెప్పను.

ప్రశ్న: మేడమ్, మూడు పొరలూ కలిపి మిషను మీద నిలువు గీతలు వేస్తున్నాను. సగం అయ్యాక చూస్తే పాముల్లా వంకరగా వచ్చాయి. చూడబుద్ధి కావడం లేదు. అన్నీ విప్పి మొదలెట్టాలా?
(కుట్లు విప్పి విప్పి వేళ్ళు నొప్పెట్టిన అమ్మాయి)

జవాబు: వద్దమ్మాయ్. వెనక గుడ్డ మడత పడినచోట ఉంటే అదొక్కటి విప్పు (నా ఆకుపచ్చ బొంత చదివావుగా), తక్కినవి వదిలెయ్యి. విప్పేటప్పుడు కూడా ఒక్కో కుట్టూ పీకకు. ఒక వైపు మూడు నాలుగు కుట్లకొకటి తెంపుకుంటూ పో, రెండో వైపు దారం లాగితే మొత్తం ఊడొస్తుంది.

వంకరకి మందు ఇంకా వంకర. రెండేసి గీతల నడుమ ఇంకో గీత, ఈసారి కావాలనే అలలాగా వెయ్యి. మిగిలిన సగంలోనూ అంతే దగ్గరగా వెయ్యి, ఎందుకంటే ఒక పక్క చిక్కగా, ఒక పక్క పలచగా కుడితే బొంత ముడుచుకుని చదునుగా పడదు. పూర్వం బొంతలు కుట్టేవాళ్ళు వినయం కోసం కావాలనే ఒక తప్పు వదిలేవారని ఒక కథ చెబుతుంటారు. చరిత్ర చదివినవాళ్ళు దాన్ని నమ్మరు, నేనూ నమ్మను. తప్పు కోసం ఎవరూ ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు.

ప్రశ్న: అమ్మా, నేను బొత్తాలు తప్ప ఏమీ కుట్టడం రాని మగవాణ్ణి, ఉద్యోగ విరమణ చేశాను. మా అమ్మ పోయాక ఆవిడ పెట్టెలో తేనెపట్టులా ఆరు పలకల ముక్కలు కలిపి కుట్టిన గుడ్డ దొరికింది. సగమే అయింది. ఒక్కో ముక్క వెనక కాగితం పెట్టి కుట్టింది. పాత నోటుబుక్కు కాగితాల్లా ఉన్నాయి, కొన్నిటి మీద చేతిరాత కనిపిస్తోంది. మా అక్కచెల్లెళ్ళు ఎవరిచేతనైనా పూర్తి చేయించమంటున్నారు. నిజం చెప్పాలంటే ఆ రంగులు నాకు నచ్చవు. అమ్మ పని నచ్చలేదనడానికి మనసొప్పడం లేదు.
(ఒక కొడుకు)

జవాబు: అన్నగారూ, మీ అమ్మగారి రంగులు మీకు నచ్చకపోవడం ద్రోహమేమీ కాదు. ఆవిడకి మీ చొక్కాలన్నీ నచ్చి ఉంటాయా?

పూర్తి చేయించకండి. మామూలుగా నేను ఈ మాట అనను. కానీ ఆ పద్ధతిలో ఆరు వైపులా కుట్టు పడ్డాక కాగితం తీసేస్తారు. పూర్తి చేసేవాళ్ళు ఆ కాగితాలన్నీ పీకి పారేస్తారు, అదే నియమం కాబట్టి వాళ్ళని తప్పు పట్టలేం. ఇప్పుడవి లోపల ఉన్నాయంటే పని సగంలో ఆగింది గనకే. బ్రిటన్‌లో 1718 అని తేదీ కుట్టి ఉన్న పట్టు ముక్కల దుప్పటి ఒకటుంది, అక్కడి క్విల్టర్స్ గిల్డ్ వాళ్ళ దగ్గర. దాని లోపలి కాగితాలు అలాగే ఉండిపోయాయి. దాన్ని ఎలా కుట్టారో ఇవాళ అంత వివరంగా తెలుస్తోందంటే ఆ కాగితాల చలవ చాలా ఉంది.

మీరు చెయ్యాల్సింది కొంచెమే. గుండుసూదులు ఎక్కడైనా ఉంటే తీసెయ్యండి, తుప్పు పట్టి మరక చేస్తాయి. వేలాడే దారాలు కత్తిరించకండి, వెనక్కి తిప్పి వదిలెయ్యండి. ఉతక్కండి, కాగితం ఉంది. ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ సంచీ వద్దు. మడతల్లో గుడ్డ చుట్ట పెట్టండి, నాలుగైదు నెలలకోసారి తీసి వేరే చోట మడవండి, లేకపోతే మడత దగ్గరే గుడ్డ చిరుగుతుంది. గోడకి పెట్టాలనుంటే ఒక మాదిరి గట్టి నూలు గుడ్డ మీద పరిచి, అంచుల వెంట చేత్తో పెద్ద పెద్ద కుట్లు వేయించి, ఎండ తగలని గోడకి వేలాడదీయండి. బొత్తాలు కుట్టడం వచ్చినవాళ్ళకి ఆ కుట్లు వచ్చినట్టే, ఇంకొకరి దాకా ఎందుకు?

ఆ కాగితాల మీద రాత కనిపిస్తోందన్నారు. లెక్కలా, ఉత్తరాలా, ఇంకేమైనానా? కుట్టు విప్పకుండా ఎంతవరకు చదవగలిగితే అంతవరకు చదివి నాకు రాయండి.